గ్రీసులో దీవులు కాకుండా చూడదగ్గ కొండ ఊరు: మెత్సోవో

దీవులు వద్దు, పాత పద్ధతులు ఇంకా నిలిచిన కొండ ఊరు చెప్పండి, మేమిద్దరం శాకాహారులం అని అడిగారు. మెత్సోవో వెళ్లండి. వాయవ్య గ్రీసులో, పిండస్ కొండల్లో ఉంది. యోఆన్నినా అనే పట్నం నుంచి బస్సు దొరుకుతుంది.

రాతి గోడలు, ముందుకు పొడుచుకొచ్చిన చెక్క వసారాలు మీకు ఫోటోల్లోనే కనిపిస్తాయి. నేను అక్కడి మాట గురించి చెప్తాను. సాయంత్రం ఊరి మధ్య చెట్ల కింద ఒక అవ్వ మనవడితో మాట్లాడుతోంది. నాకు తెలిసిన నాలుగు గ్రీకు ముక్కల్లో ఒక్కటీ వినపడలేదు. అది వ్లాహ్ భాష అని మేం దిగిన ఇంటావిడ చెప్పింది. లాటిన్‌లోంచి పుట్టింది, రుమేనియన్‌కి దగ్గర చుట్టం. నీళ్లని గ్రీకులో 'నెరో' అంటే వీళ్లు 'అప' అంటారు. చలికాలం గొర్రెల మందలతో థెస్సలీ మైదానాలకు దిగి, ఎండలు ముదిరేసరికి మళ్లీ కొండెక్కిన కాపరుల భాష. బడిలో మాత్రం గ్రీకే. అవ్వ వ్లాహ్‌లో అడిగితే పిల్లాడు గ్రీకులో బదులిస్తున్నాడు.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. మా అవ్వ తెలుగులో అడిగితే నేనూ తమిళంలోనే చెప్పేవాణ్ని. తెలుగు అక్షరాలు నేర్చుకునేసరికి అవ్వ లేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

తోసిత్సా మ్యూజియం తప్పకుండా చూడండి. పాత భవంతిలో నేతలు, చెక్కపని, ఇంటి సామాను అన్నీ ఉన్నాయి. ఈ ఊరివాళ్లు బయటి దేశాల్లో సంపాదించి సొంతగడ్డకి చాలా ఇచ్చారు. 1896 ఒలింపిక్స్ కోసం ఏథెన్స్ స్టేడియాన్ని బాగు చేయించిన జార్జ్ అవెరోఫ్ ఇక్కడివాడే, డబ్బు గడించింది ఈజిప్టులో. ఏథెన్స్ పాలిటెక్నిక్ అసలు పేరులో కూడా ఈ ఊరి పేరుంది.

తిండికి ఇబ్బంది లేదు. ఆకుకూరలు పెట్టి కాల్చిన పీటా మాకు రెండు పూటలా సరిపోయింది. పొగబెట్టిన మెత్సోవోనే చీజ్ ఈ ఊరిదే. ఊరి కుర్రాళ్లని ఇటలీ పంపి చీజ్ చేసే పని నేర్పించారు. చీజ్ కోసం పాలు గడ్డకట్టించడానికి వాడే రెనెట్ దూడ కడుపులోంచి తీసింది కావచ్చు, పట్టింపు ఉంటే ముందే అడగండి.

వీలైతే జూలై 26కి వెళ్లండి. ఆ రోజు అగియా పరస్కెవి పండగ, పాతకాలపు సంప్రదాయ బట్టలు కట్టుకుని ఊరి మధ్యలో నాట్యమాడతారు. కుదరకపోతే ఒక రాత్రైనా ఉండండి. పగటి బస్సులన్నీ వెళ్లిపోయాకే ఆ అవ్వలు బయటికొచ్చి కూర్చుంటారు.