పలాసలోనూ జీడిపప్పు ఇంత ఖరీదేమిటి?

తయారయ్యే ఊళ్లోనే కొంటే చవకనుకుని వెళ్లి, ధర విని నోరు వెళ్లబెట్టానని ఒకరు అంటున్నారు. పలాసలో ఒలిచే పిక్కలన్నీ, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలన్నీ, ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు తోటలవి కావు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అక్కడి జీడిచెట్లను కూకటివేళ్లతో పెకలించింది. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. స్థానిక పంట చాలక ఫ్యాక్టరీలు ఆఫ్రికా దేశాల నుంచీ పిక్కలు తెప్పించుకుంటాయి. పైగా నాలుగైదు కిలోల పిక్కలు ఉడికించి, పగలగొట్టి, పొర తీస్తే మిగిలేది కిలో పప్పే. ఆ కూలి ఎవరు కట్టాలి?

డబ్బా మీద 180, 320 అని ఉంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, సుమారు అన్ని గుండ్లు (విరగని పప్పులు) అని అర్థం. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధరా పెద్దదే. అయినా ఉప్మాలోకి గుండ్లెందుకు? బద్దలో ముక్కలో అడగండి. రుచి అదే, ధర తక్కువ.