1946 నాటి నల్లగొండ మాట పట్టడానికి నేను పడ్డ పాట్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 1946 నాటి నల్లగొండ పల్లెను చూపించే ప్రదర్శనలో మీది దొర దగ్గర జీతగాడి (మన పాలేరు లాంటివాడు) వేషం, ఇంట్లో మాట్లాడేదేమో గోదావరి తెలుగు, చేతిలో ఉన్నది రెండు నెలలు, ఈలోగా అక్కడి యాస పట్టేదెలా అని. నేనూ అటువైపు మనిషినే, వేసిందీ అదే వేషం.

మొదటి నెల దండగ చేసుకున్నాను. సినిమాల్లో విన్న 'గిట్ల', 'గట్ల', 'మస్తు' ప్రతి మాటకీ తగిలించి యాస వచ్చేసిందనుకున్నా. రిహార్సల్ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ "మాటలు మావే గని రాగం మీది బిడ్డా" అంది. నిజమే, వాక్యం చివర సాగదీసే అలవాటు అలాగే ఉంది. అక్కడ 'చేస్తున్నావు' కాస్తా 'చేస్తున్నవ్' అని టక్కున తెగుతుంది.

అప్పుడు ఆ ప్రాంతంలోనే తొంభైకి దగ్గర పడ్డ ఒక తాతను పట్టుకున్నాను. 'అతను వచ్చాడు' అనేదాన్ని మీరెలా అంటారని అడిగితే "వచ్చాడు అనే అంటం" అన్నాడు. నన్ను చూసి పుస్తకం భాషలోకి వెళ్లిపోయాడన్నమాట. యాస సంగతి పక్కనపెట్టి, చిన్నప్పుడు బర్రె బావిలో పడ్డ కథ అడిగాను. ఐదు నిమిషాల్లో, రికార్డు చేస్తున్న నా ఫోను సంగతి మరిచిపోయి, "మా అయ్య ఉరికొచ్చిండు, బాయిల దుంకిండు" అని చేతులూపుతూ చెప్పాడు. లబోవ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త న్యూయార్క్‌లో చేసిందీ ఇంచుమించు ఇదే, ప్రాణాపాయం తప్పిన సంఘటనలు చెప్పమనేవాడు. ఆ రికార్డింగులో రోజుకో రెండు నిమిషాల ముక్క తీసుకుని, తాత వెనకే గొంతు కలిపి మాట్లాడేవాణ్ణి. వాక్యాలు బట్టీపట్టడం కంటే ఇదే పనిచేసింది. కాకపోతే తాత కూడా ఏళ్ల తరబడి టీవీ చూసినవాడే, కాబట్టి ఆయన నోట వచ్చిన ప్రతి పదమూ 1946 నాటిదని అనుకోకండి.

అన్నిటికంటే కష్టమైంది మర్యాద. మనకి పెద్దవాళ్లు ఎదురైతే 'మీరు', 'అండీ' వాటంతటవే వచ్చేస్తాయి. జీతగాడు దొర ముందు వంగి అనేదేమో "నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త". అంత భయంలోనూ 'నీ' అనే! నేను మూడు వారాలు 'మీ కాల్మొక్త' అంటూనే ఉన్నాను. అణకువ అంతా గొంతులోనూ, వంగిన నడుంలోనూ ఉంటుందని ఒంటికి పట్టాకే ఆ 'మీ' పోయింది.

పదాలు వీటికంటే తేలిక. కరణం అనకండి, పట్వారీ అనండి. మునసబు ఉండడు, పటేలు ఉంటాడు, అందులోనూ శిస్తు వసూలు చేసే మాలీ పటేలు వేరు, ఊరి శాంతిభద్రతలు చూసే పోలీసు పటేలు వేరు. ఆసుపత్రి దవాఖాన. నిజాం రాజ్యపు రూపాయి హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయి కల్దారు. నాగలి, కాడి, మోట భాగాల పేర్లకి 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం చూడండి, పదం ఏ ప్రాంతంలో వాడతారో కూడా అందులో ఉంటుంది.

ఇంకొకటి. రాసిచ్చిన డైలాగులో తప్పు దొర్లదు, చూసేవాళ్లు దగ్గరికొచ్చి పలకరించినప్పుడే దొర్లుతుంది. ప్రదర్శన రోజు ఒక పిల్లాడు "మీ ఊరికి బస్సుందా?" అని అడిగితే తడబడి "లేదండీ" అనేశాను. పక్కన పట్వారీ వేషంలో ఉన్నతను మొహం తిప్పుకుని నవ్వాడు. తర్వాతి ప్రదర్శనకి జనం అడిగే అవకాశమున్న ప్రశ్నలు ఓ ఇరవై రాసుకుని, జవాబులన్నీ తాత గొంతుతో సాధన చేశాను. బస్సు గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.