ముందువాడి తోక మీదే కన్ను

చిరంజీవికి,

వచ్చే వారం నుంచి ఫార్మేషన్‌లో, అంటే కలిసి ఎగిరే వరసలో, మూడో హెలికాప్టర్ నీదేనని తెలిసి ఎంతో సంతోషించాను. ఆ వెంటనే గుండెలో కాస్త బరువు కూడా. అందుకే ఈ ఉత్తరం.

దూరాన్ని రోటర్లతో, అంటే పైన తిరిగే రెక్కల వలయం వెడల్పుతో, కొలవడం నీకు నేర్పే ఉంటారు. ఒక హెలికాప్టర్ రెక్కల అంచుకూ ఇంకోదాని అంచుకూ మధ్య ఎన్ని రోటర్ వ్యాసాలు పడతాయన్నదే లెక్క. బ్లాక్ హాక్ వ్యాసం 16 మీటర్ల పైచిలుకు, ఎంఐ-17ది 21 మీటర్ల పైచిలుకు. రెండూ కలిసి ఎగిరితే పెద్దదానితో లెక్క వెయ్యి నాయనా.

దారి పొడవునా ఆ దూరం బాగానే నిలుస్తుంది. చెదిరేది చివర్లో, దిగేముందు లీడ్, అంటే అందరికన్నా ముందున్నవాడు, వేగం తగ్గించడానికి హెలికాప్టర్ ముక్కు ఎత్తినప్పుడు. అతను కాస్త తగ్గిస్తే రెండోవాడు ఇంకాస్త తగ్గించాలి, మూడోవాడు మరీ ఎక్కువ. నా తొలి రోజుల్లో అలాంటప్పుడే, దిగే చోట రాళ్లున్నాయేమోనని కిందికి చూశాను. రెండు సెకన్లు కూడా కాలేదు. తలెత్తేసరికి ముందున్న హెలికాప్టర్ తోక మీద కారిన నూనె చార కనిపించింది. అంత దగ్గర! పక్కకు తిప్పి పైకి లేచాను. ఆ చార ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నేల సంగతి కో-పైలట్‌కు అప్పజెప్పు. ఎత్తూ వేగమూ అతను చదువుతుంటాడు, నీ కన్ను ముందువాడి మీదే ఉండాలి. అతను పెద్దగా కనబడటం మొదలయ్యీ కాకముందే వేగం తగ్గించు. అతని కన్నా కొద్దిగా పైన ఉండు, అతని రోటర్ గాలి నీ కిందనుంచి పోతుంది.

దుమ్ము నేలల్లో అందరూ దాదాపు ఒకేసారి దిగాలి. వెనకబడినవాడు ముందువాళ్లు లేపిన దుమ్ములోకి దిగాల్సి వస్తుంది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్ ఎడారిలో, బందీలను విడిపించడానికి వెళ్లిన అమెరికా దళం వెనుదిరిగే వేళ, ఒక హెలికాప్టర్ ఆ దుమ్ములోనే ఆగి ఉన్న సి-130 రకం విమానాన్ని ఢీకొంది. 8 మంది పోయారు. శత్రువు తూటా ఒక్కటీ పేలలేదు.

ముందువాడు కనబడకపోతే ఇక ఆలోచించకు, గో అరౌండ్: దిగడం మానేసి పైకి లేచిపో. ఏ వైపుకు లేవాలో బ్రీఫింగ్‌లో ఎవరూ చెప్పకపోతే చెయ్యెత్తి అడుగు. వెనక కూర్చున్న జవాన్లకు ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. ఎవరైనా మొహం చిట్లించినా పట్టించుకోకు.

మొదటి సార్టీ ఎగిరి వచ్చాక ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య