ఫ్లాట్‌బెడ్ ప్రింటర్ బెడ్‌కి గ్రానైటా, అల్యూమినియమా? ముందు వేడి ఎటు పోతుందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫ్లాట్‌బెడ్ ప్రింటర్, అంటే షీట్‌ని బల్ల లాంటి బెడ్ మీద పరిచి ప్రింట్ చేసే మెషిన్. బెడ్ సైజు 1300 × 2500 మి.మీ. బెడ్ కదలదు, పైన గ్యాంట్రీ (హెడ్లని మోసే అడ్డ దూలం) అటూ ఇటూ నడుస్తుంది. యూవీ ఇంక్, అంటే యూవీ ల్యాంప్ కాంతికి గట్టిపడేది. షీట్‌ని వ్యాక్యూమ్‌తో పట్టుకోవాలి. కింద వెల్డింగ్ చేసిన స్టీల్ ఫ్రేమ్. గ్రానైట్ వేస్తే జీవితాంతం చూసుకోనక్కర్లేదని ఒకరన్నారు, అల్యూమినియం హనీకోంబ్ (రెండు రేకుల మధ్య తేనెపట్టు లాంటి గదులున్న ప్యానెల్) చాలని ఇంకొకరన్నారు. ఏది వేయాలి?

నేను ఇలాంటి మెషిన్ల అసెంబ్లీ, సర్వీస్ పనిలోనే ఉన్నాను. మీరు చెప్పిన మెషిన్‌కైతే నా ఓటు మందమైన కాస్ట్ (పోత పోసిన) అల్యూమినియం ప్లేట్‌కి. గ్రానైట్ చెడ్డదని కాదు. మీ మెషిన్‌లో దానికి పడే పని వేరు.

ముందు అసలు ఎంత ఫ్లాట్‌నెస్ కావాలో లెక్క వేసుకుందాం, చాలామంది ఇక్కడే అనవసరంగా టెన్షన్ పడతారు. ఇంక్ చిమ్మే హెడ్ నుంచి చుక్క సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగుతుందనుకోండి, హెడ్లని మోసుకెళ్లే క్యారేజ్ సెకనుకు 1 మీటరు పరిగెడుతోందనుకోండి. బెడ్ ఒక చోట 0.1 మి.మీ. పల్లంగా ఉంటే అక్కడ చుక్క 17 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ముందుకు పడుతుంది. క్యారేజ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రింట్ చేసే మోడ్‌లో వెళ్లేటప్పుడు ఒక పక్కకి, వచ్చేటప్పుడు ఇంకో పక్కకి జరుగుతుంది కాబట్టి తేడా 33 మైక్రాన్లు. గాలికి చుక్క వేగం తగ్గుతుంది కనుక నిజంలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 42 మైక్రాన్లు. అంటే 0.1 మి.మీ. తేడాకి సన్నటి గీతల అంచులు మసకబారడం కంటికి కనిపిస్తుంది, 0.03 మి.మీ.కి కనిపించదు. మొత్తం బెడ్ మీద 0.05 మి.మీ. లోపు తెచ్చుకుంటే సైన్‌బోర్డులు, ప్యానెళ్లు, ప్యాకేజింగ్ నమూనాల పనికి హాయిగా సరిపోతుంది. డీఐఎన్ 876 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం గ్రేడ్ 0 గ్రానైట్ ప్లేట్ మీటరు పొడవుంటే 8 మైక్రాన్ల ఫ్లాట్‌నెస్ ఇస్తుంది. అది కొలతల గదికి అవసరం. మీ షీట్ మందమే దానికి పది రెట్లు అటూ ఇటూ ఉంటుంది.

ఇక వేడి విషయం. గ్రానైట్ వ్యాకోచం డిగ్రీకి, మీటరుకి సుమారు 6 మైక్రాన్లు, స్టీల్ 11.5, అల్యూమినియం 23. ఈ అంకెలు చూడగానే అందరూ గ్రానైట్ వైపు మొగ్గుతారు. గది మొత్తం నెమ్మదిగా వేడెక్కి బెడ్ అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే ఆ మాట నిజమే. కానీ యూవీ మెషిన్‌లో వేడి పైనుంచి పడుతుంది. పై ముఖం వేడిగా, కింది ముఖం చల్లగా ఉన్నప్పుడు బెడ్ మధ్యలో పైకి ఉబ్బుతుంది. ఎంత ఉబ్బుతుందన్నది ఒక్క వ్యాకోచం మీదే ఆధారపడదు, పదార్థం వేడిని ఎంత త్వరగా కిందికి పంపేస్తుందన్నదీ చూడాలి. గ్రానైట్ ఉష్ణవాహకత మీటరుకి, డిగ్రీకి దాదాపు 3 వాట్లు. కాస్ట్ ఐరన్‌ది 50 ప్రాంతం, 5083 రకం అల్యూమినియానిది 120 ప్రాంతం. వ్యాకోచాన్ని వాహకతతో భాగించి చూడండి: గ్రానైట్‌కి 2 వస్తుంది, అల్యూమినియానికీ కాస్ట్ ఐరన్‌కీ 0.2 దగ్గర వస్తుంది. పైనుంచి అంతే వేడి నిలకడగా దిగుతున్నప్పుడు గ్రానైట్ పది రెట్లు ఎక్కువ వంగుతుందన్నమాట. విచిత్రం ఏమిటంటే, నిలకడ స్థితిలో మందం పెంచినా ఈ వంపు తగ్గదు, ఎందుకంటే మందంతో పాటు పైకీ కిందికీ ఉష్ణోగ్రత తేడా కూడా పెరుగుతుంది.

ఒక మెషిన్‌లో ఇది కళ్లారా చూశాను. 200 మి.మీ. మందం గ్రానైట్, దాని మీద వ్యాక్యూమ్ రంధ్రాలు, పైన మెర్క్యురీ ల్యాంప్. పొద్దున వేసిన ప్రింట్ బ్రహ్మాండంగా ఉండేది. మధ్యాహ్నానికి తెల్ల ఇంక్ మీద రంగు సరిగ్గా కూర్చునేది కాదు, అది కూడా బెడ్ మధ్యలోనే. హెడ్లు మార్చారు, బెల్ట్ బిగించారు, క్యారేజ్ ఎక్కడుందో చెప్పే ఎన్‌కోడర్ స్ట్రిప్ తుడిచారు. మేం వెళ్లి క్యారేజ్‌కి డయల్ గేజ్ (ఎత్తు తేడాని ముల్లుతో చూపే పరికరం) బిగించి పొద్దున ఒకసారి, ల్యాంప్ కొన్ని గంటలు నడిచాక ఒకసారి బెడ్ అంతా తిప్పాం. మధ్యలో ముల్లు స్పష్టంగా పైకి లేచింది. పై ముఖానికీ కింది ముఖానికీ థర్మామీటర్ పెడితే కొన్ని డిగ్రీల తేడా. లెక్క కూడా సరిపోయింది: 2500 మి.మీ. పొడవు, 200 మి.మీ. మందం గ్రానైట్‌లో 3 డిగ్రీల తేడా ఉంటే మధ్యలో 70 మైక్రాన్ల ఉబ్బు వస్తుంది. రాత్రంతా ఆపితేగానీ అది తగ్గేది కాదు, గ్రానైట్ వేడెక్కడానికీ టైం తీసుకుంటుంది, చల్లారడానికీ తీసుకుంటుంది. చివరికి ఎల్ఈడీ ల్యాంప్‌కి మార్చాక సమస్య చాలావరకు సర్దుకుంది, దాంట్లో ఇన్‌ఫ్రారెడ్ వేడి రాదు కాబట్టి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ మెషిన్‌లో గ్యాంట్రీ రైల్స్ స్టీల్ ఫ్రేమ్ మీద, బెడ్ మాత్రం విడిగా గ్రానైట్ మీద ఉండేవి. రైల్స్ కూడా అదే గ్రానైట్‌కి బిగించి ఉంటే గ్రానైట్ ఉబ్బినప్పుడు రైల్ కూడా దాంతో పాటు లేచేది, పొడవునా హెడ్‌కీ బెడ్‌కీ మధ్య గ్యాప్ పెద్దగా మారేది కాదు. అందుకే ఎలక్ట్రానిక్స్ ప్రింటింగ్ లాంటి పది మైక్రాన్ల పనుల్లో గ్రానైట్ వాడేవాళ్లు బేస్, రైల్స్, గ్యాంట్రీ స్తంభాలు అన్నీ గ్రానైట్‌తోనే కట్టి, గది ఉష్ణోగ్రతని 20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతారు. అలా కట్టగలిగితే గ్రానైట్‌ని మించింది లేదు: తుప్పు లేదు, లోపలి ఒత్తిడి లేదు, ఏదైనా పడితే పెచ్చు లేస్తుంది తప్ప లోహంలా చుట్టూ గట్టు లేవదు. స్టీల్ ఫ్రేమ్ మీద గ్రానైట్ పలక పెట్టడం మాత్రం ఖర్చు పెట్టి సగం లాభం తెచ్చుకోవడమే. పైగా మీ సైజులో 200 మి.మీ. మందం పలక దాదాపు 1.9 టన్నులు తూగుతుంది, మూడు పాయింట్ల మీద నిలబెట్టాలి, ప్రతి మర రంధ్రానికీ లోహపు ఇన్సర్ట్ అంటించాలి.

హనీకోంబ్ గురించి కూడా ఇదే చూపుతో ఆలోచించండి. తేలిక, గట్టిది, చౌక. కానీ పై రేకు నుంచి కింది రేకుకి వేడి దిగాలంటే దారి సన్నటి తేనెపట్టు గోడలే. వాహకత బాగా తగ్గిపోతుంది, వ్యాకోచం మాత్రం అల్యూమినియందే. అంటే వంపు విషయంలో గ్రానైట్ కన్నా అధ్వానం కావచ్చు. మెర్క్యురీ ల్యాంప్ అయితే దాని జోలికి వెళ్లకండి. ఎల్ఈడీ ల్యాంప్, మామూలు నాణ్యత చాలనుకుంటే పర్వాలేదు. ఇంకో సంగతి, ఒకసారి అంటించాక దాన్ని మళ్లీ మిల్లింగ్ చేయలేం, పై రేకు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది.

అల్యూమినియం ప్లేట్ అనగానే మెటీరియల్ స్టాక్‌లో దొరికే 6061-టి6 రోల్డ్ (రోలర్ల మధ్య నొక్కి చేసిన) ప్లేట్ తెచ్చేయకండి. ఒక పక్క మిల్లింగ్ చేసి బిగింపు వదలగానే విల్లులా లేస్తుంది, రోలింగ్‌లో ఉండిపోయిన ఒత్తిడి అది. సాగదీసి ఒత్తిడి తీసిన టి651 దానికన్నా నయం. పోత పోసి ఒత్తిడి తీసి రెండు పక్కలా ప్లేన్ చేసిన కాస్ట్ టూలింగ్ ప్లేట్ ఇంకా నయం, నేను అదే అడుగుతాను. బలం కాస్త తక్కువే, మీ బెడ్‌కి బలం సమస్య కాదు.

స్టీల్ ఫ్రేమ్‌కి బిగించే పద్ధతి మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. గది 5 డిగ్రీలు పెరిగితే 2500 మి.మీ. అల్యూమినియం సుమారు 290 మైక్రాన్లు పెరుగుతుంది, కింద స్టీల్ 145 పెరుగుతుంది. అన్ని బోల్టులూ గట్టిగా బిగిస్తే ఆ 145 మైక్రాన్ల తేడా ఎటూ పోలేక బెడ్‌ని వంచుతుంది. మధ్యలో ఒక్క చోట పిన్ చేసి, మిగతా చోట్ల పొడుగు రంధ్రాలు పెట్టి స్ప్రింగ్ వాషర్‌తో బిగించండి. ఎత్తు సర్దే స్క్రూలు గ్రిడ్ లాగా పెట్టుకోండి, ఎందుకంటే మీకు కావాల్సింది బెడ్ దానంతట అది ఫ్లాట్‌గా ఉండటం కాదు, క్యారేజ్ నడిచే దారికి సమాంతరంగా ఉండటం.

ఆ సర్దుబాటు కూడా వ్యాక్యూమ్ ఆన్ చేసి, షీట్ పరిచి చేయాలి. ఇది ఎవరూ చెప్పరు. 20 కిలోపాస్కల్ వ్యాక్యూమ్ అంటే చదరపు మీటరుకి దాదాపు రెండు టన్నుల బరువు పై ప్లేట్ మీద పడ్డట్టు. 10 మి.మీ. అల్యూమినియం ప్లేట్ కింద ఆసరాగా ఉండే రిబ్బుల్లో రిబ్‌కీ రిబ్‌కీ మధ్య 200 మి.మీ. ఉంటే మధ్యలో 14 మైక్రాన్లు దిగుతుంది. అదే 400 మి.మీ. ఉంటే 16 రెట్లు, అంటే 230 మైక్రాన్ల దాకా. పంపు ఆపి కొలిస్తే అద్దంలా కనిపించిన బెడ్, పంపు వేయగానే రిబ్బుల మధ్య అలలు అలలుగా దిగడం డయల్ గేజ్ మీద చూస్తే మీకే నమ్మబుద్ధి కాదు. రిబ్బులు 200 మి.మీ.కి మించి దూరం పెట్టకండి. ప్లేట్ మందం పెంచడం కన్నా ఇదే చౌక.

పై ముఖానికి నల్లటి హార్డ్ అనోడైజింగ్ (అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పొర) చేయించండి. అందం కోసం కాదు. మెరిసే అల్యూమినియం యూవీ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, షీట్ అంచు దాటి ల్యాంప్ వెళ్లినప్పుడల్లా ఆ కాంతి హెడ్ అడుగున ఇంక్ చిమ్మే నాజిల్ ప్లేట్‌కి తగిలి అక్కడే ఇంక్ గట్టిపడుతుంది. ల్యాంప్ పక్కనున్న వరసలో నాజిళ్లే ముందు మూసుకుపోతున్నాయంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి. అనోడైజింగ్ పొర కరెంటుని పోనివ్వదు కాబట్టి ఎర్త్ వైరు బిగించే చోట మాత్రం గీకి శుభ్రం చేయాలి. లేకపోతే ఫిల్మ్, యాక్రిలిక్ షీట్ల మీద స్టాటిక్ పోగై సన్న తుంపర పక్కకి లాగుతుంది. గ్రానైట్‌లో ఎర్త్ చేసే దారే ఉండదు, స్టాటిక్‌ని పోగొట్టే అయనైజర్ బార్ తప్పనిసరి.

సన్నటి ఫిల్మ్ కూడా ప్రింట్ చేస్తారా అన్నది మీరు రాయలేదు. చేస్తే రెండు మిల్లీమీటర్ల వ్యాక్యూమ్ రంధ్రాల మీద ఫిల్మ్ గుంట పడి ప్రింట్‌లో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. రంధ్రాలు 1 మి.మీ. లోపు పెట్టండి, లేదా ఆ ఒక్క జోన్‌లో పోరస్ ప్లేట్ (ఒళ్లంతా అతి సన్న రంధ్రాలున్నది) వేయండి. మొత్తం బెడ్‌కి అది వేస్తే ధర భరించలేం, ఇంక్ పడి రంధ్రాలు మూసుకుపోతే బాగుచేయడమూ కష్టం.

కాస్ట్ ఐరన్, మినరల్ కాస్టింగ్ (రాతి ముక్కల్ని రెసిన్‌తో కలిపి అచ్చులో పోసేది) గురించి కూడా ఎవరో కామెంట్‌లో అడిగారు. కాస్ట్ ఐరన్ వేడి విషయంలో అల్యూమినియంతో సమానమే, కంపనాన్ని బాగా అణుస్తుంది, కానీ బరువు, నీటి ఇంక్ తగిలితే తుప్పు. మినరల్ కాస్టింగ్ కంపనానికి ఇంకా మంచిది, కానీ అచ్చు ఖర్చు ఒక్క మెషిన్ మీద రాబట్టుకోలేరు. బెడ్డే కదిలే మెషిన్ అయితే మాత్రం ఈ లెక్కంతా మారిపోతుంది, అక్కడ ప్రతి కిలో మోటారు మీద, బ్రేకింగ్ మీద పడుతుంది. మీది అలా కాదు కాబట్టి కాస్ట్ అల్యూమినియం ప్లేట్, దగ్గర దగ్గరగా రిబ్బులు, మధ్యలో పిన్. ల్యాంప్ మెర్క్యురీనా ఎల్ఈడీనా, ఎన్ని వాట్లదో రాస్తే ప్లేట్ మందం ఎంత పెట్టాలో లెక్క కట్టి చెబుతాను.