ఫైన్ కట్టేస్తే అయిపోతుందా? నాకైతే అవలేదు

మీ తమ్ముడు మొదటిసారి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు, యాక్సిడెంట్ ఏమీ కాలేదు, కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే గొడవ వదిలిపోతుందా అని అడిగారు. ఆరేళ్ల క్రితం నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. అసలు కథంతా ఫైన్ కట్టాకే మొదలైంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఆఫీసు పార్టీలో తాగాను. గ్లాసు పక్కన పెట్టి అప్పటికి మూడు గంటలైంది, కడుపు నిండా తిన్నాను, బ్లాక్ కాఫీ కూడా తాగాను, మాట తడబడటం లేదు, ఇంకేం పర్లేదని బండి తీశాను. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా మగత వదులుతుందేమో గానీ రక్తంలో ఉన్న ఆల్కహాల్ తగ్గదు. లివర్ దాని పని అది చేసుకుపోతుంది, సగటున గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 మిల్లీగ్రాములు తగ్గిస్తుంది, మనం తొందరపెడితే వినదు. లెక్క వేయండి, 100 మిల్లీగ్రాముల దగ్గరున్న మనిషి 30 కిందికి రావాలంటే దాదాపు అయిదు గంటలు. ఇండియాలో పరిమితి ఆ 30యే. ఇంగ్లండ్‌లో 80, స్కాట్లండ్ 2014లో దాన్ని 50కి దించింది, అమెరికాలో యూటా తప్ప మిగతా రాష్ట్రాల్లో 0.08 శాతం, అంటే అదే 80. రాత్రి తాగి పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ దొరికేవాళ్లు కూడా ఈ లెక్క తెలియకే దొరుకుతారు.

దారిలో నన్ను ఆపిన పోలీసాయన, ఊపిరిలో ఆల్కహాల్ కొలిచే మెషీన్‌కి కవర్ చించి కొత్త గొట్టం పెట్టి "ఊదండి, ఆపొద్దు, ఇంకా, ఇంకా" అన్నాడు. నేను బుగ్గలు ఉబ్బించి ఊదినట్టు నటించాను. ఆయన ఇలాంటివాళ్లని రాత్రికి ఎంతమందిని చూస్తాడో, విసుక్కోకుండా మళ్లీ ఊదించాడు. బీప్‌మని మోగి టికెట్ లాంటి స్లిప్ బయటికొచ్చింది, దాని మీద టైము, ఒక నంబరు, కింద నా సంతకం. అసలు ఊదనంటే తప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంగ్లండ్‌లో అదే విడిగా ఒక నేరం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఊదనన్నందుకే లైసెన్స్ ఆపేస్తారు.

ఇక శిక్ష సంగతి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. ఇండియాలో మొదటిసారికి 10,000 రూపాయల ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ, రెండోసారి 15,000 ఫైన్ లేదా రెండేళ్ల దాకా జైలు లేదా రెండూ. ఇంగ్లండ్‌లో మామూలుగా కనీసం 12 నెలలు డ్రైవింగ్ బంద్. జర్మనీలో 1.6 ప్రమిల్, అంటే 0.16 శాతం దాటితే మానసిక నిపుణుల పరీక్ష పాసైతే గానీ లైసెన్స్ తిరిగి ఇవ్వరు. ఇంకో విషయం, లైసెన్స్ వ్యవహారం చాలాచోట్ల కోర్టుతో పాటు రవాణా శాఖ కూడా విడిగా చూస్తుంది, కాబట్టి కోర్టులో పని అయింది గదా అని అక్కడి నోటీసు పక్కన పడేయకండి.

నేను చేసిన పెద్ద పొరపాటు కోర్టు రోజున. పొద్దున పది నుంచి మూడింటి దాకా బెంచీ మీద కూర్చుని, నా పేరు పిలిచాక రెండు నిమిషాల్లో ఒప్పుకుని బయటపడ్డాను. ఒప్పుకోవడం అంటే దోషిగా తేలడం అని ఆ రోజు నాకు తట్టలేదు, ట్రాఫిక్ చలానా లాంటిదే అనుకున్నాను. లాయర్ లేడు, కాగితాలు చదవలేదు, టెస్ట్ చేసిన మెషీన్‌కి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (సరిగ్గా కొలుస్తోందని చెప్పే కాగితం) ఉందో లేదో అడగలేదు. అడిగితే కేసు పోయేదని కాదు, నేను తాగిన మాట నిజమే. కానీ దేని మీద సంతకం పెడుతున్నానో తెలిసి పెట్టేవాణ్ని.

రెండేళ్ల తర్వాత కొత్త ఉద్యోగం వచ్చింది. జాయినింగ్ ఫారంలో "ఏదైనా నేరంలో శిక్ష పడిందా" అని ఒక గడి. బండి కేసు కూడా నేరమేనా అనుకుని, నిజం చెప్పాలంటే కాస్త సిగ్గుపడి కూడా, "లేదు" అని టిక్ పెట్టాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో బయటపడింది. హెచ్‌ఆర్ ఆవిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా "కేసు ఉన్నందుకు కాదండీ, దాచినందుకు" అంది. ఆఫర్ పోయింది, పాత ఉద్యోగానికి అప్పటికే రాజీనామా ఇచ్చేశాను. ఆ తర్వాత మూడు నెలల టెన్షన్ ముందు ఫైన్ ఎంత!

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట: ప్రీమియం పెరగడం అలా ఉంచండి, తాగి గుద్దితే మన బండి రిపేర్‌కి చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

వీసా దగ్గర మళ్లీ అదే గడి. ఈసారి "అవును" పెట్టి, తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఫైన్ రసీదు జతచేశాను. నాలుగు నెలలు తిప్పారు గానీ ఇచ్చారు. కెనడా అయితే ఇంకా కష్టం, 2018 డిసెంబరు నుంచి అక్కడ ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు చేశారు, దాంతో వేరే దేశంలో పడ్డ ఒక్క కేసుతో కూడా లోపలికి రానివ్వకపోవచ్చు. మీ తమ్ముడికి విదేశాల ఆలోచన ఉంటే ఆ సంగతి లాయర్‌కి ముందే చెప్పమనండి.

కోర్టు తేదీ ఇంకా రాలేదన్నారు కాబట్టి టైముంది. ఒప్పుకునే ముందు ఒక్క గంట ఎవరైనా లాయర్‌తో కూర్చోమనండి. ఆ స్లిప్‌ని మాత్రం ఈ రోజే జిరాక్స్ తీయించండి, అది థర్మల్ పేపర్, నా దాని మీద అంకెలు ఏడాది తిరక్కుండానే తెల్లబడిపోయాయి.