పాత రాతి మసీదు మరమ్మతుకు ముందు

బిడ్డా,

దసరా దాటినంక మీ ఊరి రాతి మసీదుకు మరమ్మతు మొదలుపెడతామని రాశావు. మంచి పని. అయితే సిమెంటు, టైల్స్ బేరం ఇప్పుడే ఆడొద్దు. ఈ వానాకాలమంతా ఆ కట్టడాన్ని చూస్తూ ఉండు. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తెలియకుండా చేసిన మరమ్మతు నిలవదు.

ముందు కాగితాలు. కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉంటే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా రాయి కదపరాదు. రాష్ట్ర జాబితాలో ఉంటే 2017 తెలంగాణ వారసత్వ చట్టం. వక్ఫ్ (మసీదు ధర్మాస్తుల) రికార్డు కూడా చూడు.

తర్వాత ప్రతి గోడకూ, కమానుకూ, గుంబజ్ లోపలి వైపుకూ ఫోటోలు తీయించు. ద్వారం మీద ఫార్సీ శాసనం ఉంటే సుద్దముక్కతో రుద్దొద్దు, నూనె పూయొద్దు. రాత్రిపూట టార్చిని పక్కనుంచి పట్టి ఫోటో తీస్తే అక్షరాలు తేలతాయి. అరబ్బీ, ఫార్సీ శాసనాలు చదివే పురావస్తు శాఖ విభాగం నాగ్‌పూర్‌లో ఉంది, అక్కడికి పంపండి. అంకెలు కనబడకపోయినా సంవత్సరం లేదనుకోవద్దు. అరబ్బీలో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె విలువ ఉంటుంది. బిస్మిల్లా అక్షరాలు కూడితే 786 వచ్చినట్టే, ఒక్కోసారి శాసన వాక్యంలోని అక్షరాల విలువలు కూడితే హిజ్రీ (ముస్లిం పంచాంగపు) సంవత్సరం వస్తుంది. హిజ్రీ 1000 అంటే 1591–92, చార్మినార్ కట్టిన కాలం.

గోడ లోపలికి వాలినట్టుంటే వెంటనే భయపడొద్దు. వరంగల్ కోటలో ఖుష్ మహల్ చూడు, గోడలు కింద వెడల్పుగా మొదలై పైకి పోను పోను సన్నబడతాయి. అది కట్టుబడి పద్ధతి. భయపడాల్సింది ఉబ్బిన గోడకు. పాత గోడలు చాలావరకు రెండు వైపులా చెక్కిన రాళ్లు పేర్చి, నడుమ చిన్నాచితకా రాళ్లు, సున్నం నింపినవి. పైనుంచి నీళ్లు దిగితే ఆ నడుమ సరుకు కొట్టుకుపోతుంది, బయటి రాయి పొట్టలా ముందుకొస్తుంది. సుత్తి కట్టెతో మెల్లగా తట్టు, గుల్ల మోత వచ్చిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టు. పగుళ్లకు అడ్డంగా సన్న గాజుముక్కను రెండు కొసలా అతికించి, పక్కన తేదీ రాసిపెట్టు. వానాకాలం తర్వాత గాజు పగిలి ఉంటే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు మేస్త్రీ కంటే ముందు కట్టడాల ఇంజినీరును పిలవాలి.

మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గోడ గూడు) దిక్కు గురించి కూడా అడిగావు. మన వరంగల్ నుంచి ఖిబ్లా, అంటే మక్కా దిక్కు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు. పాతవి కొన్ని నేరుగా పడమరకే ఉంటాయి. గోడ జోలికి పోవద్దు, సఫ్ (నమాజు వరుసల) గీతలు నేలమీద సరిచేసుకుంటే సరిపోతుంది.

ఇక సున్నం. మీ కమిటీవాళ్లు "సిమెంటు గట్టిది కదా" అంటారు. ఆ గట్టితనంతోనే చిక్కు. నేలలోంచి ఎక్కిన తడి సున్నపు సందుల్లోంచి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి తడి గోడలోనే తిరుగుతుంది, ఇంకో చోట తెల్లగా ఉప్పు పూసి గచ్చు పిండిలా రాలుతుంది. గోడ చుట్టూ వేసే సిమెంటు చప్టా కూడా అంతే.

రాతి సున్నాన్ని గుంతలో నీళ్లలో వేసి నెలరోజులు మాగనివ్వాలి, పైన నాలుగు వేళ్ల నీళ్లు ఎప్పుడూ నిలవాలి. నీళ్లలోకి సున్నం వేయాలి గాని సున్నం మీద నీళ్లు గుమ్మరించొద్దు, ఎగిరి కళ్లలో పడుతుంది. కూలీలకు కళ్లద్దాలు ఇవ్వు. మాగిన సున్నం ఒక పాలు, జల్లించిన వాగు ఇసుక రెండు పాళ్లు, గానుగలో ఆడించాలి. తడి తగిలే చోట ఇసుకలో సగం తగ్గించి సుర్కీ (ఇటుక పొడి) కలపాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తే గచ్చు పట్టు బాగుంటుంది. రాతి సందును దాని వెడల్పుకు రెండింతల లోతు గీకి, బాగా తడిపి, సున్నం అదిమి నింపాలి. పది రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు, నాలుగో రోజుకే సంచులు తీసేస్తే జుట్టుపగుళ్లు వస్తాయి. ఎండాకాలం ఈ పని పెట్టుకోవద్దు.

గోడలో మొలిచిన రావిమొక్కను పీకొద్దు, వేరుతో పాటు రాళ్లూ వస్తాయి. మొదలు దగ్గర కోసి, కోసిన వెంటనే మోడు మీద కలుపుమందు పూయండి. ఎండిన వేరును లోపలే వదిలి సందు సున్నంతో నింపండి. పాత సున్నం, పెయింటు పొరలు వెదురు చెక్కతో గీకాలి, గ్రైండర్ పెట్టారంటే చెక్కడం పోయినట్టే. మీనార్ మీద మైకుకు ఇనుప బోల్టులు దిగ్గొట్టొద్దు, తుప్పు ఉబ్బి రాయి చీలుతుంది. స్టీలు పట్టీతో చుట్టి కట్టించు.

వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే) నీళ్లు గోడ పక్కనుంచి పోతున్నాయన్నావు. ఆ నల్లాలను కనీసం ఆరడుగులు జరిపించి, మోరీని వాలుగా బయటికి తీయండి. ఇది దసరా దాకా ఆగే పని కాదు. పైకప్పు తూముల్లో ఆకులు కూడా ఈ వారమే తీయించు, మృగశిర దగ్గరికొచ్చింది.