ఒక్క రాత్రిలో ఫుజీ పర్వతం ఎక్కి, శిఖరంపై సూర్యోదయం చూసి రావచ్చా?

వద్దండీ. పగలంతా టోక్యోలో ఉద్యోగం చేసి, సాయంత్రం బస్సెక్కి, కంటిమీద కునుకు లేకుండా నడిచి తెల్లారేసరికి 3,776 మీటర్ల ఎత్తుకు చేరాలనుకోవడం ఒంటికి చేటు. ఇప్పుడు దారి కూడా ఇవ్వరు. 2025 నుంచి మధ్యాహ్నం 2 మొదలు తెల్లవారుజామున 3 వరకు, కొండమీద బస ఖాయం చేసుకున్నవాళ్లను తప్ప ఫుజీ ఎక్కే దారుల్లో ఒకటైన యోషిదా దారి గేటు దాటనివ్వడం లేదు. రుసుము 4,000 యెన్లు. ఇది దోపిడీ అని మనవాళ్లు గొణుగుతుంటారు. నేనైతే ఇంకా ముందే పెట్టాల్సిందంటాను.

మా బావమరిది గుంటూరు నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. రోజూ పరుగెత్తే మనిషి, ఊపిరికి కొదవలేదు. కానీ బస్సు నేరుగా 2,305 మీటర్ల ఎత్తున ఉన్న ఐదో స్టేషన్‌లో (దారిలోని మజిలీలను స్టేషన్లంటారు) దింపేస్తుంది. అక్కడ కాసేపైనా ఆగకుండా నడక మొదలుపెడితే ఆ పలుచని గాలికి శరీరం ఎప్పుడు అలవాటు పడుతుంది? ఎనిమిదో స్టేషన్ బసలో కూర అన్నం తిని, కాసేపు పడుకుని, రాత్రి ఒంటిగంటకు బయలుదేరాం. అరగంట తిరక్కుండానే బండమీద కూలబడి, తిన్నదంతా కక్కేశాడు. చేతి తొడుగు కూడా తీసుకోలేకపోతున్నాడు. "బావగారూ, తల పగిలిపోతోంది. మీరు వెళ్లిరండి" అన్నాడు. అలా ఎవరైనా వదిలేసి వెళ్తారా? బస ఉంది కాబట్టి వెనక్కి తెచ్చి, దుప్పటి కప్పి కూర్చోబెట్టగలిగాను. లేకపోతే ఆగస్టులో కూడా ఒణికించే ఆ గాలిలో ఎక్కడ పెట్టేవాణ్ణి?

అన్నట్టు, సూర్యోదయం మాకేమీ తప్పిపోలేదు. యోషిదా దారి ఈశాన్యం వైపు ఉంటుంది. బస ముందున్న బల్లమీద కూర్చుంటే కింద మబ్బుల అంచు ఎర్రబడటం, వాటి సందుల్లోంచి యమనాకా సరస్సు తేలడం చక్కగా కనిపించాయి. పైన మలుపుల్లో ఎక్కేవాళ్ల దీపాల బారు కదలకుండా ఆగిపోయింది. వాళ్లలో సగం మంది ముందువాడి సంచీ చూస్తూ నిలబడి ఉంటారు. "శిఖరం మీదే చూడాలి" అనే పట్టుదల నాకు అర్థం కాదు.

ఆ తర్వాత నెమ్మదిగా దిగిపోయాం. దిగే దారి వేరు, అంతా జారిపోయే ఎర్రటి గులకరాళ్లు. ఆరో స్టేషన్ చేరేసరికి అతని తలనొప్పి తగ్గింది. ఇంకో మాట, జీన్సు వేసుకుని, స్పీకరులో పాటలు పెట్టుకుని కొండ ఎక్కేవాళ్లు దయచేసి మానేయండి. చుట్టూ ఉన్నవాళ్లు నిద్రపోతుంటారు. మరుగుదొడ్లకు చిల్లర నాణేలు ఉంచుకోండి. ముందు బస దొరికే తేదీ చూసుకోండి, సెలవు తర్వాత పెట్టవచ్చు.